జీతం లేని పనికి విలువెంత?

(పాఠశాల స్వర్ణోత్సవ సభలో 1986 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగం)



నన్ను "అమెరికా చదువులు" అనే అంశం మీద ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. ఇరవై నిమిషాల్లో అమెరికా అంతా చెప్పడం నా వల్ల కాదు. అందుకని అందులోంచి ఒక చిన్న ముక్క తీసుకుంటాను. హైస్కూలు పిల్లలు కాలేజీకి దరఖాస్తు పెట్టే ముందు వేసవిలో జీతం లేకుండా ఎక్కడైనా పని చేయడం గురించి. అక్కడ దాన్ని ఇంటర్న్‌షిప్ అంటారు. ఈ మాట ఇప్పుడు మన ఊళ్లోనూ వినబడుతోంది. అది పిల్లలకు ఎందుకు మంచిదో, ఎప్పుడు చెడ్డదో చెప్పి, చివర్లో మన బడి కోసం మీ అందరినీ ఒకటి అడుగుతాను.

జీతం లేని పని మనకు కొత్త కాదు. దానికి మన భాషలో మూడు మాటలున్నాయి. మొదటిది వెట్టి. దొర చేయమంటే చేయాలి, కూలి అడగకూడదు. రెండోది శిష్యరికం. టైలరు షాపులో చేరిన కుర్రాడు ఆర్నెల్లు కాజాలు, గుండీలు కుట్టేవాడు. ఆ తరవాతే కత్తెర చేతికిచ్చేవారు. డబ్బులివ్వకపోయినా పని చేతికొచ్చేది. మూడోది ఉమేదువారీ. ఇప్పటి పిల్లలకు ఈ మాట తెలియదు. మన తాతల కాలంలో కచేరీల్లో జీతం లేకుండా గుమాస్తా పని చేస్తూ, ఎప్పుడైనా ఖాళీ వస్తే తమకిస్తారని ఎదురుచూసేవారిని ఉమేదువారులనేవారు.

మూడింటిలోనూ జీతం లేదు. కానీ వెట్టిలో లాభమంతా చేయించుకునేవాడిది. శిష్యరికంలో లాభం నేర్చుకునేవాడిది. ఉమేదువారీలో లాభం ఎప్పుడో రాబోయేదాని మీద ఆశ. ఈ కాలపు ఇంటర్న్‌షిప్ ఈ మూడింటిలో ఏదైనా కావచ్చు. మీ ఇంట్లో పిల్లో పిల్లవాడో "నాకు ఇంటర్న్‌షిప్ వచ్చింది" అని సంతోషంగా చెప్పినప్పుడు అది ఈ మూడింటిలో ఏదో చూసుకోండి. నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

ఇక అమెరికాలో కాలేజీ దరఖాస్తు ఎలా ఉంటుందో కొంచెం చెప్తాను. మన దగ్గర ఈఏపీసెట్ లాంటి పరీక్ష, ర్యాంకు, కౌన్సెలింగు. ర్యాంకు వస్తే సీటు. అక్కడ చాలా కాలేజీలు మార్కులతో పాటు, బడి బయట పిల్లలు ఏం చేశారో కూడా అడుగుతాయి. వెయ్యికి పైగా కాలేజీలు తీసుకునే కామన్ అప్లికేషన్ అని ఒకటుంది. అందులో ఇలాంటి పనులు పది వరకు రాయొచ్చు. ఒక్కో పని గురించి వివరంగా రాయడానికి ఇచ్చే చోటు ఎంతో తెలుసా? 150 అక్షరాలు. వాక్యాలు కాదు, పదాలు కాదు, అక్షరాలు. ఖాళీ జాగాలు కూడా అందులోనే లెక్క. ఎం.ఐ.టి. వాళ్లు తమ సొంత దరఖాస్తులో నాలుగు పనులు మాత్రమే రాయమంటారు. ఇవి కాక 650 మాటలు మించకుండా ఒక వ్యాసం.

నవంబరు 1న కొన్ని గడువులు, జనవరి మొదట్లో మిగతావి. అందువల్ల పదకొండో తరగతి అయిపోయాక వచ్చే వేసవి మీద తల్లిదండ్రులందరి కళ్లూ పడతాయి. ఏప్రిల్ వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. నేను న్యూజెర్సీలో ఒక స్థానిక ప్రభుత్వ ఇంజనీరింగ్ ఆఫీసులో పని చేస్తాను. వాన నీటి కాలువలు, కల్వర్టులు, వరద నీరు మా పని. "అన్నయ్యా, మావాడికి మీ ఆఫీసులో రెండు వారాలు ఏదైనా చూడు. పని లేకపోయినా ఫర్వాలేదు, ఒక లెటర్ ఇప్పించు చాలు." ఇలాంటి ఫోన్లు ఇక్కడి నుంచీ వస్తాయి, అక్కడి నుంచీ వస్తాయి. అడిగేవాళ్లంతా నాకు కావలసినవాళ్లే, కాదంటే బాధపడతారు. అయినా నేను ఇప్పించను.

ఎందుకో చెప్తాను. పని లేకుండా లెటర్ తెచ్చుకున్న పిల్లవాడు ఆ 150 అక్షరాల్లో ఏం రాస్తాడు? "ప్రముఖ ఇంజనీర్ల మార్గదర్శకత్వంలో పరిశీలించాను, సహకరించాను, నేర్చుకున్నాను" అంటాడు. ఏం పరిశీలించావు, ఎవరికి సహకరించావు అని ఎవరైనా రెండో ప్రశ్న వేస్తే చెప్పడానికేం ఉండదు. దరఖాస్తులు చదివేవాళ్లు రోజూ చేసే పని అదే. ఏ మాట వెనక మనిషి ఉన్నాడో, ఏ మాట వెనక లేడో వాళ్లకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఇప్పుడు కొన్ని సంస్థలు ఇంటర్న్‌షిప్పులను అమ్ముతున్నాయి. పిల్లవాడే వేలకు వేలు కట్టి "పనిలో" చేరాలి. జీతం ఇవ్వకపోగా ఎదురు డబ్బు తీసుకునే దానికి మన పూర్వీకులు పేరు కూడా పెట్టలేదు. అలాంటిదొకటి వస్తుందని వాళ్లు ఊహించి ఉండరు.

ఇక అసలైన పని ఎలా ఉంటుందో నేను చూసినదే చెప్తాను. 2021 సెప్టెంబరు 1న ఐడా తుపాను మిగిలిన బలంతో న్యూజెర్సీ మీద విరుచుకుపడింది. రారిటన్ నది పొంగింది. మాన్‌విల్, బౌండ్ బ్రూక్ లాంటి ఊళ్లు మునిగాయి. ఒక్క మా రాష్ట్రంలోనే ముప్ఫై మంది దాకా చనిపోయారు. మరుసటి వేసవిలో మా ఆఫీసుకు పదకొండో తరగతి పూర్తిచేసిన ఒక తెలుగు అమ్మాయి వచ్చింది. ఆరు వారాలు, వారానికి నాలుగు రోజులు, పొద్దుటి పూట. జీతం లేదు. ఆఫీసులో పేరు పెట్టి పిలవాలి, బయటికి రాగానే "అంకుల్" అనేది.

ఆమెకిచ్చిన పని వినడానికి చాలా చిన్నది. ఒక పేటలో వీధి వీధీ తిరగాలి. వాన నీరు లోపలికి దిగే ఇనప జాలీలు మా మ్యాపులో ఎక్కడున్నాయని రాసి ఉందో, నిజంగా అక్కడ ఉన్నాయో లేదో చూడాలి. ఉంటే ఆకులూ మట్టీ ఎంత పేరుకున్నాయో రాయాలి. వెంట మా ఉద్యోగి ఒకరు ఎప్పుడూ ఉంటారు. మొదటి వారం చివర నా దగ్గరికి వచ్చి, "అంకుల్, కంప్యూటర్ మీద చేసే పని ఏదైనా ఇవ్వరా?" అంది. ఇది పూర్తిచేయమన్నాను.

మూడో వారంలో ఒక పెద్దాయన వాళ్లను చూసి ఇంట్లోంచి బయటికి వచ్చాడు. ఐడా రోజు రాత్రి తన ఇంటి నేలమాళిగలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో గోడ మీద గీత చూపించాడు. తరవాత వీధి మూలకు తీసుకెళ్లి, "ఇక్కడొక జాలీ ఉండేది. రోడ్డు కొత్తగా వేసినప్పుడు కప్పేశారు" అన్నాడు. మా మ్యాపులో ఆ జాలీ లేనే లేదు. ఆ అమ్మాయి ఫోటోలు తీసి, ఆయన చెప్పింది రాసి, రిపోర్టులో పెట్టింది. మా సిబ్బంది వెళ్లి తవ్వితే తారు కింద జాలీ బయటపడింది. తెరిచారు. ఆ మర్నాటి నుంచి ఆమె రోజూ పది నిమిషాలు ముందే వచ్చేది. కంప్యూటర్ పని మళ్లీ అడగలేదు.

ఆరు వారాలయ్యాక ఏం నేర్చుకున్నావమ్మా అని అడిగితే రెండు చెప్పింది. ఎండలో తిరిగే ఉద్యోగం తన వల్ల కాదట. మ్యాపులంటే మాత్రం చాలా ఇష్టమట. ఆ రెండు ముక్కలు పదిహేడేళ్ల వయసులో తెలియడం ఎంత లాభమో ఆలోచించండి. నలభై ఏళ్లు వచ్చాక "ఈ ఉద్యోగం నాకు సరిపడదు" అని తెలుసుకున్నవాళ్లు ఈ సభలోనే కొందరున్నారు. చేతులెత్తమని అడగను.

నా దృష్టిలో ఇలాంటి పనికి ఉన్న విలువ మూడు విధాలు. మొదటిది, బడిలో పిల్లవాడు లెక్క తప్పు చేస్తే నష్టపోయేది వాడి మార్కే. పనిలో వాడు రాసింది తప్పయితే ఇంకొకరి ఇంట్లోకి నీళ్లొస్తాయి. తన పని కోసం ఒకరు ఎదురు చూస్తున్నారని తెలిసిన రోజున పిల్లల నడకే మారిపోతుంది. రెండోది, ఏది తనకు సరిపోతుందో, ఏది సరిపోదో దగ్గరుండి తెలుసుకోవడం. మూడోది, తల్లిదండ్రులూ ఉపాధ్యాయులూ కాని ఒక పెద్దమనిషి వాణ్ని ఆరు వారాలు చూసి ఉండడం. రేపు ఎవరైనా అడిగితే "ఈ పిల్ల చెప్పిన టైముకు వస్తుంది, తెలియనిది తెలియదని చెప్తుంది" అని ఆ మనిషి సాక్ష్యం చెప్పగలడు. కాలేజీ దరఖాస్తులో ఒక లైను ఈ మూడింటి తరవాత దానంతటదే వస్తుంది. ఆ లైను కోసమే చేస్తే మాత్రం ఈ మూడూ రావు.

మరి జీతం ఇవ్వకపోవడం న్యాయమేనా? ఈ ప్రశ్న అమెరికా కోర్టుల్లో గట్టిగానే నలిగింది. 'బ్లాక్ స్వాన్' అనే సినిమా తీసినప్పుడు జీతం లేకుండా పని చేసిన ఇద్దరు, మేము చేసింది ఉద్యోగుల పనే, మాకు జీతం ఇవ్వాలని 2011లో దావా వేశారు. అది పై కోర్టుకు వెళ్లింది. 2015లో ఆ కోర్టు ఒక కొలబద్ద పెట్టింది: ఈ ఏర్పాటు వల్ల ముఖ్యంగా లాభపడుతున్నది ఎవరు? నేర్చుకునేవాడా, సంస్థా? 2018లో అమెరికా కార్మిక శాఖ కూడా అదే కొలబద్దను తీసుకుంది. అందులో ఏడు అంశాలున్నాయి. చదువుకు దగ్గరగా ఉండే శిక్షణ ఇస్తున్నారా, జీతగాళ్లు చేసే పనిని జీతం లేనివాడి చేత చేయించి వాళ్లను తప్పిస్తున్నారా, నేర్చుకోవడం పూర్తయ్యాక కూడా పని సాగదీస్తున్నారా, ఇలాంటివి. ప్రభుత్వ కార్యాలయాల్లో, సేవా సంస్థల్లో స్వచ్ఛందంగా చేసే పనికి వేరే లెక్క ఉంది. కానీ లాభం కోసం నడిచే కంపెనీలకు ప్రశ్న ఇదే. వెట్టి ఏదో, శిష్యరికం ఏదో మన పెద్దలు రెండు మాటల్లో విడగొట్టినదాన్ని వాళ్లు ఏడు అంశాల్లో విడగొట్టారు.

మా ఆఫీసుకు వచ్చిన ఆ అమ్మాయి వల్ల మాకు కలిసొచ్చిన పని కొంత ఉంది. కానీ ఆమెకు చూపించడానికి, ఆమె రాసింది దిద్దడానికి మా వాళ్లు పెట్టిన సమయం అంతకంటే ఎక్కువ. అలా ఉన్నప్పుడే జీతం లేకపోవడం సబబు. దీన్ని తిరగేసి చూడండి. పిల్లవాడు రాకపోతే మీ దుకాణంలో ఆ రోజు పని ఆగిపోతుందంటే, వాడికి మీరు జీతం బాకీ ఉన్నట్టే.

ఇప్పుడు ఇందులో ఉన్న పెద్ద చిక్కు చెప్తాను. న్యూజెర్సీలో 2024 నుంచి చాలా ఉద్యోగాలకు కనీస వేతనం గంటకు 15 డాలర్లు దాటింది. ఒక పిల్లవాడు ఎనిమిది వారాలు, వారానికి ముప్ఫై గంటలు ఊరికే పని చేశాడంటే, ఆ ఇల్లు 3,600 డాలర్లు వదులుకున్నట్టు. నాన్న డాక్టరైతే వదులుకోగలడు. నాన్న కిరాణా కొట్లో పని చేస్తుంటే? ఉచితంగా చేసే పని అందరికీ ఒక్క ధరకు రాదు.

నాకు తెలిసిన ఒక కుర్రాడున్నాడు. మనవాళ్ల పిల్లవాడే. దరఖాస్తు ఒకసారి చూసిపెట్టమని తెచ్చాడు. డిబేటు, చదరంగం, గుళ్లో వాలంటీరు, అన్నీ ఉన్నాయి. వేసవి సంగతి మాత్రం లేదు. "వేసవిలో ఏం చేశావు నాన్నా?" అని అడిగాను. "ఏం లేదంకుల్. మా మావయ్య గ్యాస్ స్టేషన్‌లో పని చేశా" అన్నాడు. న్యూజెర్సీలో ఎవరి కారుకు వాళ్లు పెట్రోలు కొట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు. మనిషే కొట్టాలి. వీడు రెండు వేసవులు, బడి ఉన్న రోజుల్లో సాయంత్రాలు, ఆ పనే చేశాడు. ఆ డబ్బు ఇంటి అద్దెకు వెళ్లింది. "మరి రాయలేదేం?" అంటే, "అది ఇంటర్న్‌షిప్ కాదుగా" అన్నాడు.

ఆ మాటకు నాకు చాలా కష్టమేసింది. ఆ దరఖాస్తులో జీతంతో చేసే ఉద్యోగానికి వేరే పేరుతో చోటుంది. ఇంటి బాధ్యతలకు కూడా వేరే చోటుంది. చెల్లెల్ని చూసుకోవడం, అమ్మమ్మకు మందులివ్వడం, ఇంటి కోసం సంపాదించడం, ఇవన్నీ రాయొచ్చు. 2016 జనవరిలో హార్వర్డ్ విద్యా కళాశాల వాళ్లు ఒక నివేదిక ఇచ్చారు. పది పనుల జాబితా కంటే రెండు మూడు పనులు మనసు పెట్టి చేయడం మేలని, ఇంటి కోసం పడే కష్టాన్ని కూడా కాలేజీలు సేవగానే లెక్కపెట్టాలని అందులో రాశారు. చాలా కాలేజీల అడ్మిషన్ల అధికారులు దానికి మద్దతిచ్చారు. ఆ కుర్రాడి చేత పెట్రోలు బంకు పని మొదటి లైనులో రాయించాను. మిగతావి కిందికి జరిగాయి. ఆ పని నిజం, ఆ రెండేళ్లు నిజం, ఎవరు ఎన్ని ప్రశ్నలడిగినా వాడి దగ్గర జవాబుంది. ఇక్కడున్న ఉపాధ్యాయులకు నా మనవి ఇదే. పని చేసి వచ్చే పిల్లలు మన బడిలో కూడా ఉంటారు. అది చెప్పుకోకూడని సంగతని వాళ్లు అనుకోకుండా చూడండి.

అమెరికాలో ఉన్న మన మిత్రులకు ఇంకొక జాగ్రత్త చెప్పాలి. తల్లిదండ్రులు హెచ్-1 మీద ఉంటే పిల్లలు హెచ్-4 మీద ఉంటారు. వాళ్లు ఉద్యోగం చేయకూడదు. తోటి పిల్లలు ఐస్‌క్రీమ్ దుకాణంలో సంపాదించుకుంటుంటే వీళ్లు చూస్తూ ఉండాలి. అప్పుడు తల్లిదండ్రులు, "పోనీ, జీతం తీసుకోకుండా ఏదైనా కంపెనీలో చేయి" అంటారు. జీతం తీసుకోనంత మాత్రాన అన్నీ సరిపోవు. మామూలుగా జీతమిచ్చి చేయించుకునే పనిని ఊరికే చేసినా చిక్కు రావచ్చు. గ్రంథాలయంలో, ఆసుపత్రిలో, సేవా సంస్థలో ఎప్పుడూ వాలంటీర్లే చేసే పని వేరు. అనుమానముంటే ముందే లాయరును అడగండి. హెచ్-4 మీద ఉన్న ఒక అమ్మాయి మా ఊరి గ్రంథాలయంలో రెండేళ్లు శనివారాలు పని చేసింది. ఏం పనో తెలుసా? పౌరసత్వ పరీక్షకు చదువుకునే పెద్దవాళ్లకు ప్రశ్నలు చదివి వినిపించి, జవాబులు చెప్పించడం. తనకింకా గ్రీన్ కార్డే లేదు. ఆమె దగ్గర చదువుకున్న తాతయ్యలూ బామ్మలూ పౌరులైపోయారు. ఆ పిల్ల ఏ కంపెనీ లెటరూ తెచ్చుకోలేదు. తెచ్చుకోవలసిన అవసరమూ లేదు.

సరే, ఇదంతా అమెరికా సంగతి. ఇప్పుడు మన బడికి వద్దాం.

అక్కడ కాలేజీ అంటే పన్నెండో తరగతి అయ్యాక. ఇక్కడ పదో తరగతి అవగానే "కాలేజీలో చేరాడు" అంటాం. పదిహేనేళ్ల పిల్ల ఎంపీసీయా, బైపీసీయా, సీఈసీయా తేల్చుకోవాలి. పాలిసెట్ రాయాలా, ట్రిపుల్ ఐటీకి పెట్టాలా, ఐటీఐలో చేరాలా? అమెరికా పిల్లల కంటే రెండేళ్లు ముందే మన పిల్లలు దారి ఎంచుకుంటున్నారు. ఏం చూసి ఎంచుకుంటున్నారు? పక్కింటి అన్నయ్య ఏది తీసుకున్నాడో చూసి. బస్టాండు దగ్గర ఫ్లెక్సీలో ర్యాంకులు చూసి. బైపీసీ తీసుకునే పిల్లల్లో ఒక ల్యాబు లోపలికి వెళ్లి చూసినవాళ్లు ఎందరు? సీఈసీ తీసుకునే పిల్లలు ఒక ఆడిటరు ఆఫీసులో గంటసేపు కూర్చున్నారా?

మాస్టార్లు నన్ను అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. "దీనివల్ల ఒక్క మార్కయినా కలుస్తుందా?" కలవదు. మన దగ్గర సీటు ర్యాంకును బట్టి వస్తుంది. కౌన్సెలింగులో ఎవరూ "వేసవిలో ఏం చేశావు?" అని అడగరు. అందుకే నేను దీన్ని ఇక్కడ ఇంకా ఇష్టంగా అడుగుతున్నాను. లైను కోసం చేయాల్సిన అవసరం లేదు కాబట్టి మన పిల్లలు దీన్ని నేర్చుకోవడం కోసమే చేయగలరు. నకిలీ లెటర్లకు ఇక్కడ గిరాకీయే లేదు.

2020లో వచ్చిన జాతీయ విద్యా విధానం ఈ మాటే చెప్పింది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా, స్థానిక వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారుల దగ్గర పని నేర్పాలని, పన్నెండో తరగతి దాకా సెలవుల్లో కూడా ఇలాంటి అవకాశాలు ఉండాలని అందులో ఉంది. 1937లో వార్ధాలో గాంధీగారు చెప్పిన నయీ తాలీమ్ కూడా చేతి పని ద్వారా చదువు చెప్పడమే. కాగితం మీద మనకు కొరతేమీ లేదు. చేయించేవాళ్లు కావాలి.

చేయించేవాళ్లు ఈ పందిట్లో ఉన్నారు. యాభై ఏళ్ల బ్యాచులు ఇక్కడ కూర్చున్నాయి. మనలో ఆర్టీసీ డిపోలో పనిచేసేవాళ్లున్నారు, బ్యాంకు మేనేజర్లున్నారు, పశువుల డాక్టర్లు, వకీళ్లు, ఆడిటర్లు, ప్రింటింగ్ ప్రెస్సు నడిపేవాళ్లు, రక్త పరీక్షల ల్యాబు పెట్టుకున్నవాళ్లు, కరెంటు సామాన్ల షాపువాళ్లు, సర్వేయర్లు ఉన్నారు. ఒక్కొక్కరు ఇద్దరు పిల్లలను పది రోజులు పక్కన కూర్చోబెట్టుకోవాలి. నేను అడిగేది ఇంతే.

దీన్ని ఎలా చేయాలో, ఏం చేయకూడదో కూడా చెప్తాను. లేకపోతే మంచి పని పేరుతో వెట్టి చేయించినవాళ్లం అవుతాం.

పదో తరగతి పరీక్షలు రాసేసిన పిల్లలకే. పది రోజులు, రోజుకు నాలుగు గంటలు. చట్టం ప్రకారం 14 ఏళ్లు నిండని పిల్లలను పనిలో పెట్టకూడదు. 18 నిండనివాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. మనం చేయించేది ఉద్యోగం కాదు, అప్రెంటిస్ పని కూడా కాదు. చూడడం, అడగడం, పెద్దవాళ్ల పక్కన ఉండి ఒక చిన్న పని మొదటి నుంచి చివరిదాకా తామే చేయడం. మిషన్ల దగ్గరా కరెంటు దగ్గరా చేతులు పెట్టించొద్దు. టీలు తెప్పించొద్దు, ఇంటి పనులు చెప్పొద్దు. ఆఫీసైనా ఆసుపత్రైనా పై అధికారుల అనుమతి ముందే తీసుకోవాలి.

ఇద్దరిద్దరు చొప్పున పంపుదాం. ఆడపిల్లలను ఒంటరిగా ఎక్కడికీ పంపొద్దు. తల్లిదండ్రుల సంతకం ఉండాలి. బడి నుంచి ఒక టీచరు పది రోజుల్లో కనీసం రెండుసార్లు వెళ్లి చూసి రావాలి. ఆ టీచరు దారి ఖర్చు సంఘం భరించాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది డబ్బు సంగతి. మన బడిలో వేసవిలో మిర్చి తొడిమలు తీసే పనికి అమ్మ వెంట వెళ్లే పిల్లలున్నారు. పది రోజులు కూలి పోతే ఆ ఇంట్లో తెలుస్తుంది. "ఇది ఉచితం, ఎవరైనా రావొచ్చు" అంటే వచ్చేది కూలి పోయినా ఫర్వాలేని పిల్లలే. అందుకని వెళ్లే ప్రతి పిల్లకూ బస్సు ఛార్జీ, మధ్యాహ్న భోజనం, పోయే కూలికి సరిపడా రోజుకింత డబ్బు పూర్వ విద్యార్థుల సంఘం ఇవ్వాలి. అందరికీ ఇవ్వాలి. ఎవరికి అవసరమో కనిపెట్టి ఇస్తే, తీసుకునే పిల్ల తల దించుకుంటుంది. మొదటి సంవత్సరం ముప్ఫై మంది పిల్లలకయ్యే ఈ ఖర్చు మా 1986 బ్యాచ్ పెట్టుకుంటుంది. నిన్న రాత్రి భోజనాల దగ్గర మాట్లాడుకున్నాం. మావాళ్లెవరూ ఇప్పుడు కాదనలేరు, ఇంతమంది విన్నారు కదా.

సర్టిఫికెట్లు మాత్రం వద్దు. పది రోజులయ్యాక పిల్లవాడు ఒక పేజీ రాయాలి. తెలుగులోనే. తను చూసిందేమిటి, చేసిందేమిటి, ఈ పని తనకు నచ్చిందా లేదా. పక్కన కూర్చోబెట్టుకున్న పూర్వ విద్యార్థి అరపేజీ రాయాలి. ఈ పిల్లవాడిలో నేను చూసింది ఇది అని, ఉన్నదున్నట్టు. ఆ రెండు కాగితాలూ బడిలో ఫైలు చేసి ఉంచుదాం. "నాకు నచ్చలేదు" అని రాసిన పిల్లకు కూడా మంచిదే జరిగినట్టు. రెండేళ్ల ఫీజు, రెండేళ్ల వయసు మిగిలాయి.

మా తరానికి ఇలాంటి ఏర్పాటు లేదు. మాకు తోవ చూపించింది ఈ వేదిక మీద ఉన్న మాస్టార్లే. కానీ పాపం, ఎంతమందికని చూపిస్తారు? వాళ్లకు తెలిసిన ఉద్యోగం ఒక్కటి, పంతులుద్యోగం. యాభై ఏళ్లలో వాళ్లు తయారుచేసిన మనకు మాత్రం యాభై రకాల ఉద్యోగాలు తెలుసు. గురుదక్షిణ అంటే శాలువా కప్పడం ఒక్కటే కాదు. వాళ్లు చెప్పలేకపోయిన ఆ మిగతా పాఠం ఇప్పుడున్న పిల్లలకు మనం చెప్పాలి.

పందిరి బయట పేర్లు నమోదు చేసే బల్ల మీద నీలం అట్ట పుస్తకం ఒకటి పెట్టించాను. అందులో మీ పేరు, మీ బ్యాచ్, మీరు చేసే పని, ఇద్దరు పిల్లలను ఏ పది రోజులు చూసుకోగలరో రాయండి. చందా రాయడానికి కాదు ఆ పుస్తకం. మీ పని మీరు చేసుకుంటూనే, పక్కన ఇద్దరికి చోటిచ్చి, వాళ్లు అడిగే ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబు చెప్పడానికి. భోజనాలకు లేచే ముందే రాస్తే మంచిది. పప్పూ పెరుగూ తిన్నాక మన సంకల్పాల సంగతి మనకు తెలిసిందే.